బాలగేయాల పుస్తకం మొత్తం నోటికొచ్చు, కానీ ఒక్క మాట విడిగా చదవలేదు. ఇది చదవడం కిందికి వస్తుందా?

హన్మకొండ_అమ్మ:
మాది నయీంనగర్ దగ్గర. పాపకు ఐదేళ్లు నిండబోతున్నాయి, యూకేజీ. తెలుగు బాలగేయాల పుస్తకాలంటే ప్రాణం, పడుకునే ముందు ఒక్కటైనా చదవాల్సిందే. ఇప్పుడైతే పుస్తకం తనే పట్టుకుని పేజీలు తిప్పుతూ ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పేస్తుంది, కొత్తవాళ్లు చూస్తే చదువుతోందనే అనుకుంటారు. కానీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటి అని అడిగితే బొమ్మ వైపు చూస్తుంది. బొమ్మను చేత్తో మూసేస్తే, మొదటి లైన్ నుంచి మళ్లీ మెల్లగా పాడుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగి చెప్తుంది. బడిలో అ ఆలు, క ఖలు రాయిస్తున్నారు, గుణింతాలు ఇంకా మొదలుపెట్టలేదు. మా అత్తమ్మ "పాటలు పాడితే చదువొస్తదా, పలక మీద దిద్దించు" అంటారు. ఈ పాటల పుస్తకాల వల్ల నిజంగా చదవడం వస్తుందా, లేక అవి వేరే, చదువు వేరేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, వచ్చే ఏడు ఒకటో తరగతి కదా, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

పరకాల_టీచర్:
మేడమ్, పాప పాడుకుంటూ వచ్చి సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగిందని రాశారు చూడండి, అది చిన్న విషయం కాదు. నోట్లోంచి వచ్చే ఒక్కో మాటకు పేజీ మీద ఒక్కో మాట ఉంటుందని, అవి ఎడమ నుంచి కుడికి వరుసగా ఉంటాయని తనకు తెలిసిపోయింది. అక్షరాలన్నీ వచ్చి కూడా ఈ సంగతి పట్టుబడని పిల్లలు నా క్లాసులో ఏటా ఉంటారు. కాబట్టి పాటలు ఆపొద్దు. కాకపోతే ఇప్పుడు చెవిలో ఉన్నదాన్ని కంటికి చూపించాలి.

చదివేటప్పుడు ప్రతి మాట కింద వేలు జరుపుతూ పోండి, లైన్ చివరి మాట దగ్గర మీరు ఆగిపోండి, తనను చెప్పనివ్వండి. ప్రాస ఉంటుంది కాబట్టి ఠక్కున చెప్తుంది. పాటలో చివర "తోట", "పాట" వచ్చాయనుకోండి, ఆ రెండూ కాగితం మీద పెద్దగా, ఒకదాని కింద ఒకటి రాయండి, రెండు ట-లు ఒకే నిలువు వరుసలో పడేలా. రెండిట్లో ఒకేలా వినిపించేది ఏదమ్మా అని అడగండి, "ట" అంటుంది. మరి ఒకేలా కనిపించేది ఏది అంటే తనే వేలు పెట్టి చూపిస్తుంది. అది చూపించాక ట-ను అలాగే ఉంచి ముందు అక్షరం ఒక్కటే మార్చండి. కోట, మాట, మూట, వేట, బాట. గుణింతం అనే పేరే ఎత్తకుండా మా-కూ మూ-కూ తేడా కళ్లెదుట పెట్టినట్టే.

ఇంగ్లీష్ రైమ్స్‌తో ఇది ఇంత సులువుగా కుదరదు. "బేర్", "హెయిర్" చెవికి ప్రాసే, కానీ స్పెల్లింగ్ రాసి చూస్తే చివర్లు వేరే. తెలుగులో ఒకేలా వినిపించేది దాదాపు ఒకేలా కనిపిస్తుంది, ఇంత మంచి సౌకర్యం మన లిపిలో ఉండగా మనమే వాడుకోవడం లేదని నాకు బాధ.

ఇంకో మాట. ఒత్తులు తర్వాత అని బడిలో అంటారు గానీ పిల్లల నోట ముందు వచ్చే మాటలే అమ్మ, అక్క, అన్న, బువ్వ. అవ్వ, బువ్వ, గువ్వ, మువ్వ అని పాటలో వస్తే "వ్వ"ను విడగొట్టి వివరించకండి, మొత్తంగా పోల్చుకోనివ్వండి. విడగొట్టడం మేం తర్వాత చూసుకుంటాం.

కాజీపేట_నాన్న:
టీచర్ గారు చెప్పిన పద్ధతి బాగుంది, అయితే ఒకటి గట్టిగా చెప్పాలి, పాటలు పాడుతూ పోతే చదువు దానంతట అదే రాదు. మా బాబుకు ఊరంతా మెచ్చుకునేంత పాటలు వచ్చేవి, రెండో తరగతిలో కొత్త పేరా ఇస్తే మాత్రం మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేవాడు. "చెట్టు" ఉంటే "చెరువు" అనేవాడు. అక్షరాల కార్డులతో కూర్చున్నాకే గాడిలో పడ్డాడు.

దీని మీద పరిశోధన కూడా ఉంది. ఇంగ్లండులో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ 1983లో 'నేచర్' పత్రికలో రాశారు. నాలుగైదేళ్ల పిల్లలు సుమారు 400 మందిని తీసుకుని, ప్రాసలు పోల్చగలిగే పిల్లలు తర్వాత చదువులో ఎలా ఉన్నారో చూశారు, ఆ రెండిటికీ గట్టి సంబంధమే కనిపించింది. కానీ అసలు విషయం రెండో భాగంలో ఉంది. శబ్దాలు పోల్చడంలో వెనకబడిన 65 మందిని నాలుగు గుంపులు చేసి రెండేళ్లు చూశారు. పేర్లలో ఒకే శబ్దం వినిపించే బొమ్మలను జతచేసే ఆట ఒక గుంపుతో ఆడించారు, ఇంకో గుంపుకు అదే ఆటతో పాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికిచ్చారు. చివరికి అందరికంటే ముందున్నది అక్షరాలు చేతికొచ్చిన ఆ పిల్లలే. అది ఇంగ్లీష్ పిల్లల సంగతే, అయినా చెవీ అక్షరమూ కలిసి నడవాలన్నది మనకూ పనికొస్తుందని నా నమ్మకం.

ఫోన్‌లో రైమ్స్ వీడియోలను మాత్రం దీని కింద లెక్క వేయకండి. వీడియో పిల్ల కోసం ఆగదు, వేలు పెట్టడానికి మాట నిలబడదు, అక్షరాలు ఎగిరిపోతుంటాయి.

సుబేదారి_పంతులు:
అమ్మా, తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. అందరూ లైన్ చివరి ప్రాస గురించే రాస్తున్నారు, దాన్ని అంత్యప్రాస అంటాం. మన పద్యాల్లో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం. మన పాలకుర్తి ప్రాంతపు పాల్కురికి సోమనాథుడు ద్విపదను పట్టుకున్నాడంటే జనం నోట నిలుస్తుందనే కదా. రెండే పాదాలు, రెంటిలోనూ రెండో అక్షరం ఒకటే. పిల్లలతో ఈ ఆట కూడా ఆడొచ్చు. పలక, చిలక, మొలక, గిలక, అలక. మొదటి అక్షరం తప్ప మిగతా రెండూ అవే. మొదటిది బాగా వచ్చాక "పలక"లో మధ్య అక్షరం మార్చి "పడక" రాసి చూడండి, పిల్ల అక్షరం చూసి చదువుతోందా, అలవాటులో పలక అనేస్తోందా అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

బతుకమ్మ ఆడేచోట చిన్నపిల్లలను గమనించారా? పాట రాకున్నా లైన్ చివర "ఉయ్యాలో" మాత్రం అందరితో కలిసి అందుకుంటారు. అది ప్రాస కాదు, తిరిగి తిరిగి వచ్చే మాట, కానీ పుస్తకంలోనూ అదే పని చేస్తుంది. ఒకే పేజీలో నాలుగుచోట్ల ఉన్న మాటను పిల్ల ముందు పోల్చుకుంటుంది. అలాంటి పాటలున్న పుస్తకం చూసి కొనండి.

ఇంకొకటి, ఇది నాకు మనసుకు పట్టిన విషయం. పుస్తకంలో "పరిగెత్తు" అని ఉంటే మన పిల్ల "ఉరుకు" అని చదివిందనుకోండి, గద్దించకండి, అర్థం చేసుకునే చదివింది. అచ్చులో ఇలా ఉందమ్మా అని వేలు పెట్టి చూపిస్తే చాలు. ఇంటి మాటలతోనే పాట కట్టండి. చెరుకు దొరికితే కొరుకు, కుక్క వస్తే ఉరుకు. ఇరుకు కూడా కలపొచ్చు. పిల్లకు తన మాట కాగితం మీద కనబడితే ఆ కాగితాన్ని వదలదు.

హన్మకొండ_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి తోట, పాట రాసి చూపించాను. కోట, మాట వరకు బాగానే చెప్పింది, మూట దగ్గర ఆగి "మాట" అనేసింది, కొమ్ము మీద వేలు పెట్టి చూపిస్తే తనే సరిచేసుకుంది. పంతులు గారి చెరుకు పాట అయితే పొద్దున్నుంచి ఇల్లంతా అదే. ఇప్పుడు రెండు సందేహాలు. పలక మీద దిద్దడం ఆపేయాలా? పుస్తకాలు ఎక్కడ మంచివి దొరుకుతాయి? ఇక్కడ షాపుల్లో ఇంగ్లీష్ రైమ్స్ పుస్తకాలే ఎక్కువ, తెలుగువి ఉంటే అక్షరాలు బొమ్మల మీద అచ్చేసి ఉంటున్నాయి.

పరకాల_టీచర్:
దిద్దడం ఆపొద్దు మేడమ్, అత్తమ్మ గారితోనే దిద్దించండి, కాకపోతే ఏ మాట దిద్దాలో ఆ రోజు పాటలోంచి పాపనే ఎంచుకోనివ్వండి. మూట దగ్గర తడబడిందని కంగారు అవసరం లేదు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే కదా, అక్కడి పిల్లల మీద సోనాలి నాగ్ గారు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, గుణింతాలూ ఒత్తులతో సహా అక్షరాలన్నీ పట్టుబడడానికి మూడు, నాలుగు తరగతుల దాకా పడుతోందని తేలింది. మా సర్కారు బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమాన్ని కూడా ఐదో తరగతి దాకా పెట్టింది ఊరికే కాదు. యూకేజీ పాపకు బోలెడంత టైం ఉంది.

పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ చూడండి, తెలుగువి ఉచితంగా దించుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. మొదటి లెవెల్‌వి పేజీకి ఒకటి రెండు లైన్లే ఉంటాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ల దగ్గర తక్కువ ధరకు దొరుకుతాయి. కొనే ముందు ఒక పేజీ తెరిచి చూడండి, అక్షరాలు తెల్లటి జాగాలో ఉన్నాయా, మాటకూ మాటకూ మధ్య మీ వేలు పట్టేంత ఖాళీ ఉందా, పాటలో వచ్చినదే బొమ్మలో ఉందా. అట్లాంటిది ఒక్కటి దొరికినా చాలు, అదే నెలంతా చదవండి.