రూపాయి విలువ కరిగిపోతే దాచుకున్న సొమ్ముకు బంగారమే దిక్కా?

నల్లకుంట నివాసి:
ఈమధ్యే ఉద్యోగ విరమణ చేసిన మా నాన్నగారికి వచ్చిన మొత్తాన్ని బ్యాంకులో ఉంచకుండా అంతా బంగారంలో పెట్టాలని బంధువులు పట్టుబడుతున్నారు. జర్మనీలో, జింబాబ్వేలో నోట్లు చిత్తుకాగితాలయ్యాయని, రేపు రూపాయికీ అదే గతి పట్టవచ్చని వారి వాదన. ఆయనకు పింఛను లేదు. ఇంటి ఖర్చులు ఈ సొమ్ముతోనే వెళ్లాలి. సభ్యులు తమ అభిప్రాయం తెలుపగలరు.

అబిడ్స్ వర్తకుడు:
మీ బంధువులు చెప్పిందే సరైన మాట. 1923 నవంబరులో ఒక అమెరికా డాలరు కొనడానికి 4.2 లక్షల కోట్ల జర్మన్ మార్కులు కావలసి వచ్చింది. మన రూపాయి కూడా 1966 జూన్‌లో ఒక్క ప్రకటనతో డాలరుకు 4.76 నుంచి 7.50కి దిగజారింది. అంతదాకా ఎందుకు, నిజాం కాలపు హాలీ సిక్కా ఈ ఊళ్లోనే చెల్లకుండా పోయింది. ఆనాటి పెద్దలు పెట్టెలో దాచిన బంగారం మాత్రం ఈనాటికీ చెల్లుతోంది.

మలక్‌పేట అధ్యాపకుడు:
హాలీ సిక్కా ఉదాహరణ వర్తకుడి గారి వాదనకే ఎదురు తిరుగుతుంది. ఆ నాణెం విలువ కుప్పకూలి పోలేదు. 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలన్న స్థిరమైన లెక్కన, మార్చుకునేందుకు వ్యవధి ఇచ్చి, 1950లలో దాన్ని ఉపసంహరించారు. ఒక ద్రవ్యం చెలామణి రద్దు కావడం వేరు, దాని కొనుగోలు శక్తి నశించడం వేరు.

1956లో ఫిలిప్ కేగన్ అనే ఆర్థికవేత్త నిర్ణయించిన కొలత ప్రకారం, ధరలు నెలకు 50 శాతానికి మించి పెరిగితే దాన్ని అతి ద్రవ్యోల్బణం అంటారు. ఆ వేగం ఏడాది సాగితే ధరలు సుమారు 130 రెట్లు అవుతాయి. 1923లో జర్మనీలోని రూర్ ప్రాంతాన్ని ఫ్రెంచి, బెల్జియం సేనలు ఆక్రమించినప్పుడు, పని మానేసి ప్రతిఘటించిన కార్మికులను జర్మనీ నోట్లు అచ్చువేసి పోషించింది. జింబాబ్వేలో 2000 తరువాత సాగు దెబ్బతిని, ప్రభుత్వ లోటును కేంద్ర బ్యాంకు నోట్లతో పూడ్చింది. మన దేశంలో, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, రిజర్వు బ్యాంకు కొత్త ప్రభుత్వ బాండ్లను నేరుగా కొని, అంటే నోట్లు అచ్చువేసి, ప్రభుత్వ లోటును పూడ్చకూడదన్న నిబంధన 2006 నుంచి అమలులో ఉంది. చట్టాలు మారవని నేను హామీ ఇవ్వలేను. అయితే మీ నాన్నగారి సొమ్మును ఇప్పుడు నిజంగా కొరుక్కుతింటున్నది నెలకు 50 శాతం కాదు, ఏటా కొద్ది శాతం చొప్పున పెరిగే మామూలు ధరలు. ఏటా 6 శాతమైతే పన్నెండేళ్లలో రూపాయి బలం సగమవుతుంది. మన జాగ్రత్తంతా దీనికోసం ఉండాలి.

బంగారం వద్దని నేను అనడం లేదు. కానీ దుకాణం బిల్లును ఒకసారి శ్రద్ధగా చదవండి. 12 శాతం తరుగు వేసిన రెండు తులాల గొలుసుకు, దానిపై 3 శాతం జీఎస్టీ కలిపితే, లోహం విలువ కంటే 15 శాతానికి పైగా ఎక్కువ చెల్లిస్తాం. అమ్మబోయినప్పుడు రాళ్ల బరువు తీసేసి, తూచి, లోహానికి మాత్రమే ధర కడతారు. ఆ తేడా పూడటానికే ధర చాలా పెరగాలి. నెలనెలా కిరాణాకు, మందులకు డబ్బు కావలసిన మనిషి ధర పడిపోయిన నెలలోనూ అమ్ముకోక తప్పదు. ఆ కష్టాన్ని సలహా ఇచ్చే బంధువులెవరూ పంచుకోరు.

అబిడ్స్ వర్తకుడు:
నగలెందుకు, బిస్కెట్లు కొనమనండి. కాదంటే డాలర్లలో దాచమనండి. నోట్లను నమ్మి జింబాబ్వే ప్రజలు ఏమయ్యారో అందరికీ తెలుసు.

మలక్‌పేట అధ్యాపకుడు:
తెలుసు కాబట్టే చెబుతున్నాను. 2015లో అక్కడ పాత ద్రవ్యాన్ని రద్దు చేసినప్పుడు, 175 పక్కన పదిహేను సున్నాలున్న మొత్తం వరకు బ్యాంకు ఖాతాలకు ఇచ్చింది 5 అమెరికా డాలర్లు. ఆ తరువాత డాలరు ఖాతాలను నమ్ముకున్నవారూ గట్టెక్కలేదు: స్థానిక ద్రవ్యంతో ఒకటికి ఒకటిగా లెక్కకట్టిన ఆ నిల్వలు 2019లో మారకం రేటును వదిలేయగానే కరిగిపోయాయి. అర్జెంటీనాలో 2002లో బ్యాంకుల్లోని డాలర్లను 1.40 చొప్పున పెసోలుగా మార్చేశారు. బయట పెసో అంతకంటే వేగంగా పడిపోయింది. బిస్కెట్ల సంగతి చూస్తే, అమెరికా 1933లో ప్రజల చేతిలోని బంగారు నాణేలను, కడ్డీలను ఔన్సుకు 20.67 డాలర్లకు అప్పగించమని ఆదేశించి, మరుసటి ఏడాది ధరను 35 డాలర్లకు పెంచింది. మన దేశంలో కూడా 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యేదాకా సామాన్యుడు కడ్డీలు దాచుకోవడం నేరం. వస్తువు ఏదన్నదే కాదు, అది ఎవరి అదుపులో ఉంది, అవసరం వచ్చిన రోజున చేతికి అందుతుందా అన్నది కూడా చూడాలి.

షాద్‌నగర్ వాసి:
అందుకే ప్లాటు కొనమంటాను. భూమి ఎక్కడికీ పోదు.

మలక్‌పేట అధ్యాపకుడు:
పోదు, కానీ ఆస్పత్రి ఖర్చు కోసం ప్లాటులో ఒక మూల కోసి అమ్మలేం. జర్మనీలో నోట్ల విలువ పడిపోవడంతో ఇళ్లున్నవారి అప్పులు కరిగిన మాట నిజమే. అయితే అద్దెలపై నియంత్రణ వల్ల వారి రాబడీ కరిగింది, పైగా 1924లో ఆ లాభం మీదే ప్రత్యేక పన్ను వేశారు.

నల్లకుంట నివాసి:
మరి మీరు మా నాన్నగారి స్థానంలో ఉంటే ఏ వరుసలో పెడతారు?

మలక్‌పేట అధ్యాపకుడు:
ముందుగా రెండేళ్ల ఇంటి ఖర్చును, ఒక్కో బ్యాంకులో బీమా పరిమితి అయిన 5 లక్షలు దాటకుండా, డిపాజిట్లలో ఉంచుతాను. తరువాత నియమిత రాబడి కోసం తపాలా కార్యాలయంలో పెద్దల పొదుపు పథకం, దాని పరిమితి 30 లక్షలు. మిగిలిన దానిలో కొంత, పదేళ్లు ముట్టుకోనక్కరలేని సొమ్ము మాత్రమే, షేర్ల ఇండెక్స్ ఫండులో, అంటే మార్కెట్ సూచీలోని షేర్లనే అదే పాళ్లలో కొనే ఫండులో. బంగారం పదో వంతుకు మించనివ్వను, అదీ తరుగు లేని రూపంలో.

అబిడ్స్ వర్తకుడు:
పదో వంతు చాలదు, నాలుగో వంతైనా ఉండాలని నా పట్టు. తరుగు లేని రూపమన్న మాటను మాత్రం నేనూ ఒప్పుకుంటాను.