ఒకే మెట్ల దారి ఉన్న చిన్న అపార్ట్‌మెంట్‌లో మంటలొస్తే బయటపడేదెలా?

అందరికీ నమస్కారం. మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, అంతస్తుకు రెండు ఫ్లాట్లు. దిగడానికి ఒకటే మెట్ల దారి. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్లు. పోయిన నెల ఆ బోర్డులో ఒక వైరు కాలింది. మంట చిన్నదే, వెంటనే ఆర్పేశాం. కానీ పొగ మాత్రం చూస్తుండగానే పై అంతస్తు దాకా ఎక్కేసింది. తలుపు తీసిన మా అమ్మకు మెట్ల రెయిలింగ్ కూడా కనబడలేదు. దగ్గుతూ మళ్లీ లోపలికి వచ్చేసింది. డాబా మీదికి పోదామన్నా ఆ తలుపుకి తాళం. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

'చిన్న బిల్డింగే కదా, మనకు రూల్స్ ఏముంటాయి' అంటున్నారు మిగతావాళ్లు. నాకది సరైన మాట అనిపించడం లేదు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే అపార్ట్‌మెంట్‌లో మంటలొచ్చి 72 మంది చనిపోయారు. 24 అంతస్తులకూ అక్కడ ఉన్నది ఒకే మెట్ల దారి. మాది చిన్నదే అయినా పొగ పైకి పోయే తీరు అదేగా?

మెట్ల మీది చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు ఈ వారమే తీయిస్తున్నాను. ఆ తర్వాత ముందుగా దేనికి ఖర్చు పెట్టాలి? మీటర్లను బయటికి మార్చడమా, ఫ్లాట్లకు వాటంతటవే మూసుకునే ఫైర్ డోర్లా, మెట్ల పైన పొగ పోయే కిటికీనా? బయటి వైపు ఇనుప మెట్లు కట్టిస్తే దాన్ని రెండో దారిగా ఒప్పుకుంటారా? దొంగల భయం లేకుండా, లోపల్నుంచి తాళంచెవి అక్కర్లేకుండా తెరుచుకునే గడియ డాబా తలుపుకి ఎవరైనా పెట్టించారా? ఈ పని తెలిసిన ఇంజనీర్లు, ఫైర్ సర్వీసువాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.