టర్బో పెట్రోల్‌కి ఆయిల్ క్యాచ్ క్యాన్ అవసరమా?

క్లాక్‌టవర్_అనంతపురం
నాది 2019 కియా సెల్టోస్, 1.4 టర్బో పెట్రోల్. మన పెనుకొండ బండే. వారంటీ అయిపోయింది. మొన్న సర్వీసులో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లార్చేది) పైపు ఊడదీస్తే లోపలంతా నూనె జిడ్డు. మెకానిక్ క్యాచ్ క్యాన్, అంటే ఇంజన్ గ్యాస్‌లోని నూనెను పట్టి ఉంచే డబ్బా, పెట్టించుకోమంటున్నాడు. ఏమంటారు?

బురుజు_కర్నూలు
పెట్టించుకో అన్నా, ఆలోచించేదేముంది? పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగిన గ్యాస్‌ను పీసీవీ అనే వాల్వు మళ్లీ ఇన్‌టేక్‌కే (ఇంజన్ గాలి పీల్చే దారికే) పంపిస్తుంది. దాంతోపాటే ఆయిల్ తుంపర. ఎంపీఎఫ్ఐ ఇంజన్లో (పెట్రోలు సిలిండర్ బయటే చిమ్మే రకం) అయితే పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల వెనక పడి కడిగేస్తుంది. నీది డైరెక్ట్ ఇంజెక్షన్, పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పోతుంది. వాల్వు మీద పడిన నూనె అక్కడే మాడి కార్బన్ పేరుకుంటుంది. తర్వాత విప్పి గీకించుకునే ఖర్చు కంటే క్యాన్ నయం.

దేవునికడప_డీజిల్
తొందరపడొద్దు బ్రదర్. వాల్వుల సంగతి నిజమే, కానీ అడిగింది ఇంటర్‌కూలర్ పైపు గురించి కదా. టర్బో ఇంజన్‌కి గ్యాస్ పోయే దారులు రెండు. మెల్లగా పోయేటప్పుడు పీసీవీ వాల్వు నుంచి మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లోకి), బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గట్టిగా నెడుతున్నప్పుడు, ఇంకో గొట్టంలోంచి టర్బో గాలి పీల్చుకునే వైపుకి. ఇంటర్‌కూలర్‌కి నూనె వచ్చేది ఈ రెండో దారిలో. చాలామంది క్యాన్ బిగించేది మొదటి దాని మీద. డబ్బులు పెట్టినా ఆ జిడ్డు అలాగే ఉంటుంది.

ముందు పైపు వంచి చూడండి. వేలికి అంటుకునే జిడ్డయితే టర్బో బండికి మామూలే. నూనె కారిందా, పీసీవీ వాల్వు, టర్బో సీలు చూపించాలి. అప్పుడు క్యాన్ పెట్టడమంటే జ్వరానికి తడిగుడ్డ వేసి ఊరుకోవడమే.

బురుజు_కర్నూలు
సరే, రెండు దార్లకీ పెట్టించుకోవచ్చు కదా!

దేవునికడప_డీజిల్
పెట్టుకోవచ్చు. లోపల మెష్, అడ్డురేకులు ఉన్నదైతేనే. ఆన్‌లైన్లో చవగ్గా దొరికేవాటిలో కొన్ని ఉత్త ఖాళీ డబ్బాలు, గ్యాస్ ఇటు దూరి అటు పోతుంది. పైగా చల్లబడితేనే తుంపర డబ్బాలో దిగేది. మన మే నెల ఎండలో, టర్బో పక్కనే బిగిస్తే ఏం చల్లబడుతుంది? ఖాళీ చేయడం మర్చిపోయినా, గొట్టం మడత పడినా లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్లు లీకవుతాయి. డబ్బా మీద చిన్న ఫిల్టర్ పెట్టి గ్యాస్ బయటికి వదిలేసే రకం మాత్రం అసలు వద్దు. రూల్స్ ఒప్పుకోవు, కారులో వాసన కూడా.

క్లాక్‌టవర్_అనంతపురం
మెకానిక్‌కి ఫోన్ చేశాను. క్యాన్ పెట్టేది మానిఫోల్డ్ వైపు గొట్టానికేనట! రేపు పైపు విప్పించి ఫోటో పెడతాను.

బురుజు_కర్నూలు
పీసీవీ వాల్వు కూడా తీయించు అన్నా. అది ఎట్లా ఉందో ఫోటోలో కనపడాలి.