చీటీ ఆపేసి అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ తీసుకోవాలా?

గోపాలపట్నం కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఒక విషయం ఎటూ తేల్చుకోలేక అడుగుతున్నాను. ఆటోనగర్‌లో ఉద్యోగం, చేతికి 52 వేలు వస్తుంది. ఇంటద్దె 12 వేలు, పాప స్కూలు, వ్యాను కలిపి 7 వేలు, సరుకులు, పాలు, కూరలు, గ్యాస్ 15 వేలు, నాన్న షుగర్ మందులు, అమ్మ థైరాయిడ్ మందులు 3 వేలు, బండి వాయిదా, పెట్రోలు 6 వేలు, చీటీ 5 వేలు. కరెంటు బిల్లు, ఫోన్లు పోను మిగిలేది రెండు వేలు. పండగ నెలలో అదీ మిగలదు.
నాన్నకి 62, అమ్మకి 57. ఇద్దరికీ కలిపి 5 లక్షల పాలసీకి ఏడాదికి 48 వేలు అడుగుతున్నారు. అంటే నెలకి 4 వేలు పక్కన పెట్టాలి. చీటీ ఆపితే తప్ప అది నా వల్ల కాదు. చీటీ సగం దాకా వచ్చింది. పాలసీ తీసుకుందామని మా ఆవిడ, అనవసరమని నాన్న. ఏం చెయ్యమంటారు?

పెందుర్తి మాస్టారు:
బాబూ, చీటీ ఆపకు. 48 వేల చొప్పున పదేళ్లు కడితే 4 లక్షల 80 వేలు. వయసు పెరిగేకొద్దీ రేటు పెంచుతారు, అది వేరే. జబ్బు రాకపోతే రూపాయి వెనక్కి రాదు. వస్తే ఇస్తారన్న నమ్మకమూ లేదు. మా తమ్ముడు ఆరేళ్లు కట్టాడు. గుండెకి రెండు స్టెంట్లు పడ్డాయి. షుగర్ ఉన్న సంగతి దాచారని చెప్పి పైసా ఇవ్వలేదు. వాడు దాచలేదు. ఏజెంటు ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, ఫారంలో జబ్బుల పేజీ మొత్తం ‘లేదు, లేదు’ అని తనే టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. ‘ఇవన్నీ మామూలే మాస్టారూ, ఉందని రాస్తే రేటు పెరుగుతుంది’ అన్నాడు, నా ఎదురుగానే. మనవాడు సంతకం పెట్టాడు. బ్యాంకులో వేసుకున్న డబ్బు ఇలాంటి ప్రశ్నలు అడగదు.

సీతమ్మధార:
ఎన్టీఆర్ వైద్య సేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, కార్డు ఉందో లేదో ముందు చూసుకోండి.

గోపాలపట్నం కుర్రాడు:
లేదండీ.

డెస్క్ తమ్ముడు:
నేను ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్కులో పని చేస్తాను. ఒక్కటే అడుగుతాను. ఆ పాలసీలో రూమ్ రెంట్ లిమిట్ ఉందా? ఏజెంటు చెప్పడు, మీరే అడగాలి. లిమిట్ ఒక శాతం అనుకోండి, 5 లక్షలకి రోజుకి 5 వేల గది. మీరు 8 వేల గదిలో చేరారు. పై 3 వేలు మనం పెట్టుకుంటే సరిపోతుందనుకుంటారు అందరూ. సరిపోదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, అన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ పద్దులు 1,60,000 అయితే ఇచ్చేది లక్షే. మందులు, ఇంప్లాంట్లు, టెస్టులు, ఐసీయూ మాత్రం ఈ లెక్కలోకి రావు. డిశ్చార్జ్ రోజున పేషెంటు వాళ్లు మా కౌంటర్ దగ్గర ఏడుస్తారండీ.

కంచరపాలెం:
హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎత్తేశారు కదా. 48 వేలు పాత రేటా, కొత్త రేటా?

గోపాలపట్నం కుర్రాడు:
కొత్తదేనండీ. రూమ్ రెంట్ సంగతి కనుక్కుంటాను.

ఎంవీపీ ఆడపడుచు:
మాస్టారూ, మీ తమ్ముడుగారికి జరిగింది అన్యాయమే. కానీ అక్కడ తప్పు ఎవరిది? షుగర్ ఉందని రాసి, ఇంకో రెండు వేలు ఎక్కువ కట్టి ఉంటే వాళ్లకి ఆ సాకు దొరికేది కాదు. ఇప్పుడు రూల్సు కూడా మారాయి. ముందునుంచి ఉన్న జబ్బులకి క్లెయిమ్ ఇవ్వడానికి ఎదురుచూడాల్సింది గరిష్ఠంగా 3 ఏళ్లే, ఇదివరకు 4 ఉండేది. ఆగకుండా 5 ఏళ్లు కడితే ఆ తర్వాత ‘మీరు చెప్పలేదు’ అని క్లెయిమ్ తోసెయ్యడానికి వీల్లేదు, మోసం అని నిరూపిస్తే తప్ప. ఇదివరకు అది 8 ఏళ్లు. కొత్తగా తీసుకోవడానికి 65 దాటకూడదన్న షరతూ 2024లో పోయింది.
తమ్ముడూ, మా నాన్నకి మెదడులో రక్తం గడ్డకట్టినప్పుడు ఏ పాలసీ లేదు. అర్ధరాత్రి, దగ్గర్లో ఏ ప్రైవేటు ఆసుపత్రి ఉంటే దానికే పరిగెత్తాం. పొద్దున్నకి 2 లక్షలు కట్టమన్నారు. నా గాజులు, నల్లపూసలు అన్నీ కుదువ పెట్టాను. అవి ఇప్పటికీ విడిపించుకోలేదు.

పెందుర్తి మాస్టారు:
తప్పు మా తమ్ముడిదే అంటున్నావు కదమ్మా. వాడు చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషులో ఉన్న ఫారం వాడికేం తెలుస్తుంది? ఆ 8 ఏళ్ల సంగతి వాళ్లు మాకూ చెప్పారు. నీకు ఆరే అయ్యాయి అన్నారు.

డెస్క్ తమ్ముడు:
గాజులు పెట్టి కట్టినా, పాలసీ మీద కట్టినా ముందు గది ఎంతో చూసుకోవాలి. ఎవరూ నా మాట పట్టించుకోవడం లేదు.

మర్రిపాలెం:
70 నిండితే కేంద్రం పెట్టిన ఆయుష్మాన్ వయ వందన కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం. ఆదాయంతో పని లేదు, ఆధార్ ఉంటే చాలు. 2024 అక్టోబర్‌లో మొదలైంది.

పెందుర్తి మాస్టారు:
చూశారా! ఎనిమిదేళ్లు ఓపిక పడితే ప్రభుత్వమే ఇస్తుంది. ఈలోగా విశాఖలో కేజీహెచ్ ఉంది, విమ్స్ ఉంది, రెండూ సర్కారు ఆసుపత్రులే. 1923 నుంచి ఉత్తరాంధ్ర జనమంతా కేజీహెచ్‌నే నమ్ముకుని బతికారు. ఆ చీటీ డబ్బు చేతికి రానీ బాబూ.

ఎంవీపీ ఆడపడుచు:
ఎనిమిదేళ్లు జబ్బు ఆగుతుందా మాస్టారూ? పింఛను వచ్చేవాళ్లకి ఓపిక పట్టమని చెప్పడం తేలికే. నెలజీతం మీద బతికేవాడికి అర్ధరాత్రి 2 లక్షలు ఎవరిస్తారు?

పెందుర్తి మాస్టారు:
నా పింఛను సంగతి నీకెందుకమ్మా? నేను ముప్పై ఏళ్లకి పైగా పాఠాలు చెప్పి సంపాదించుకున్నది. ఈ కాలం పిల్లలకి ఒకటే తెలుసు. ప్రీమియం కట్టేస్తే బాధ్యత తీరిపోయిందనుకుంటారు. కార్డు చేతిలో పెట్టి, ‘క్యాష్‌లెస్ ఉంది కదా, బిల్లు కంపెనీయే కడుతుంది, మీరే వెళ్లిరండి’ అంటారు. మా వీధిలో అలాంటి ఇళ్లు ఎన్నో చూశాను.

ఎంవీపీ ఆడపడుచు:
బాధ్యత గురించి నాకు చెప్పకండి. నాకు ఇద్దరు అన్నదమ్ములు. నాన్న ఐసీయూలో ఉన్నన్నాళ్లూ ఒకడు ‘సర్దుతాను, సర్దుతాను’ అని ఫోన్లోనే ఉన్నాడు, ఇంకొకడు ‘ఇల్లు నీ పేరున రాశారా ఏంటి, నువ్వెందుకు కడుతున్నావ్’ అని నన్నే అడిగాడు. బిల్లు కట్టింది నేను, మా ఆయన. ఇప్పుడు పండక్కి వెళ్తే అందరూ కలిసి భోంచేస్తాం, ఆ డబ్బు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. పాలసీ ఉంటే నేను ఎవరినీ అడుక్కోవాల్సిన పని ఉండేది కాదు. నాన్న కోలుకుని ఇంటికొచ్చాక ‘నీ గాజులేవమ్మా’ అని అడిగారు. దానికేం చెప్పాలి?

సీతమ్మధార:
మేడమ్, కొంచెం నెమ్మదించండి.

పెందుర్తి మాస్టారు:
అమ్మా, నీ మనసు నొప్పించాలని కాదు. నా సంగతీ చెబుతాను. బ్యాంకులో నా పేరున కొంత డబ్బుంది. మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. ఆ డబ్బు తీసి తన కంపెనీ పాలసీలో నన్ను కలిపేస్తానంటాడు. వాడు మంచివాడే. కానీ డబ్బు నా చేతిలో ఉన్నంతకాలం ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా, నేను చెబుతాను. పాలసీ వాడి చేతిలో ఉంటే వాడు చెబుతాడు. మా ఆవిడ చివరి రోజుల్లో వెంటిలేటర్ మీద పెట్టించారు, క్యాష్‌లెస్ ఉంది కదా అని. తనకి అది ఇష్టం లేదని నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు. అందుకే అంటున్నాను. ఈ అబ్బాయి నాన్న ‘అనవసరం’ అన్నారు కదా. ఎందుకో ఇక్కడ ఒక్కరైనా అడిగారా?

కంచరపాలెం:
మాస్టారు చెప్పింది నాకైతే డబ్బు లెక్కకంటే పెద్ద విషయంలా ఉంది.

ఎంవీపీ ఆడపడుచు:
మాస్టారూ, అమ్మగారి విషయం తెలియదు, క్షమించండి. కానీ మీ చేతిలో ఉండాలంటే పాలసీ మీ పేరున మీరే తీసుకోవచ్చు కదా. డబ్బు ఎవరు కట్టినా మాట మీదే ఉంటుంది. డబ్బు లేకపోతే మాత్రం మాట ఎవరిదీ ఉండదు. నేను చెప్పేది అదొక్కటే.

పెందుర్తి మాస్టారు:
కాగితం మీద ఎవరి పేరున్నా ఆసుపత్రిలో కొడుకునే పిలిచి అడుగుతారమ్మా. ఆ విషయంలో నా మాట మారదు.

డెస్క్ తమ్ముడు:
అది నిజమే, మేమూ కొడుకునే పిలుస్తాం. ఇంకో మాట. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబివ్వాలి, డిశ్చార్జ్ బిల్లు పంపిన 3 గంటల్లో తేల్చాలి. 2024లో ఐఆర్‌డీఏఐ, అంటే బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, పెట్టిన రూలు ఇది. క్లెయిమ్ తోసేస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు రాయండి, నెలలో తేల్చకపోతే అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, దగ్గరికి వెళ్లండి. ఆంధ్రావాళ్లకి హైదరాబాదు ఆఫీసు, ఖర్చేమీ లేదు. మాస్టారి తమ్ముడు వెళ్లారా?

పెందుర్తి మాస్టారు:
లేదు. ఇలాంటిది ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

గోపాలపట్నం కుర్రాడు:
అందరికీ ధన్యవాదాలు. రాత్రి భోజనాలయ్యాక నాన్నని కూర్చోబెట్టి అడిగాను. ‘అనవసరం’ అంటే పాలసీ వద్దని కాదట. తన కోసం నేను చీటీ ఆపేస్తే పాప చదువుకి ఏమీ మిగలదని భయం. ఆయన పేరున 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. అక్క పిల్లల కోసమని దాచారట. దాని మీద వడ్డీ పాలసీకి ఇస్తానన్నారు, అసలు ముట్టుకోవద్దన్నారు. వడ్డీ పోగా తక్కువ పడే మిగతా 28 వేల సంగతే చూడాలి. చీటీ మాత్రం ఆపను. ఫారంలో షుగర్ ఏ సంవత్సరం నుంచి ఉందో, ఏ మాత్రలు వాడుతున్నారో నాన్న తన చేత్తోనే రాస్తారట. రూమ్ రెంట్ లిమిట్ లేనిదే అడిగాను, 3 వేలు ఎక్కువ చెప్పారు.

డెస్క్ తమ్ముడు:
ఆ 3 వేలు కట్టండి. ఇంకెక్కడైనా తగ్గించుకోండి గానీ అక్కడ వద్దు.

ఎంవీపీ ఆడపడుచు:
28 వేలు కాదు, ఇప్పుడు 31 వేలు. మీ అక్కని కూడా అడగండి తమ్ముడూ. ఆడపిల్ల కదా అని అడగడం మానకండి. ఏటా ఐదు వేలో, పది వేలో తన వాటా ఎంతో ఇప్పుడే ఎదురుగా కూర్చుని మాట్లాడుకోండి.