"విశ్వం ఎప్పుడైనా అంతం కావచ్చు" అని పిల్ల చార్టు రాస్తే తీసేయాలా?

చిత్తూరు_నాన్న: మా పాప పదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి ఒక సత్తు పళ్ళెంలో రెండు సొట్టలు కొట్టింది, ఒకటి పైన, ఒకటి ఇంకా లోతుగా. పై సొట్టలో గోలీ పెట్టింది. మన విశ్వమంతా నిండి, కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రం ఆ గోలీలా పై గుంటలోనే ఆగి ఉండొచ్చు, కింది గుంటలోకి జారితే ఆ మార్పు ఒక బుడగలా దాదాపు కాంతి వేగంతో వ్యాపిస్తుంది, అణువులు ఇప్పుడున్నట్టు నిలవవు అని దాని వివరణ. హెడ్మాస్టర్ చార్టు పీకించేశారు. పిల్లలు భయపడతారంట. న్యాయమేనా?

గడంకి_రోడ్డు: ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మోడల్ బాగుంది, "ఎప్పుడైనా" అన్న మాటే తప్పు. 2012లో దొరికిన, ఆ క్షేత్రం తాలూకు హిగ్స్ కణం ద్రవ్యరాశి సుమారు 125 జీఈవీ (కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం), మూలకణాల్లో అన్నిటికన్నా బరువైన టాప్ క్వార్క్‌ది సుమారు 173. మూలకణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం, స్టాండర్డ్ మోడల్ మాత్రమే నిజమనుకుని ఈ రెంటితో లెక్కేస్తే మనం ఉన్నది పై గుంటలోనే అనిపిస్తుంది. కానీ జారడానికి పట్టే కాలం ఒకటి పక్కన నూరు సున్నాలకన్నా ఎక్కువ సంవత్సరాలు. విశ్వం వయసే 1380 కోట్ల ఏళ్ళు. కొండకు నడిచేవాళ్ళకు "ఏ మెట్టు మీదైనా పిడుగు పడొచ్చు" అని అలిపిరిలో బోర్డు పెడతామా?

చిత్తూరు_నాన్న: గట్టు ఎక్కకుండానే కింది గుంటలోకి దూరిపోయే క్వాంటం టన్నెలింగ్‌కి గడువు ఉండదు కదా సార్? గడువు లేనప్పుడు "ఎప్పుడైనా" తప్పెలా అవుతుంది?

తిరుచానూరు77: ప్రళయం గురించి మన పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పినారు సామీ.

గడంకి_రోడ్డు: గడువు లేకపోవడం వేరు, రేపే జరుగుతుందేమో అనిపించేలా రాయడం వేరు. చదివేవాడికి రెండోదే తలకెక్కుతుంది.

మిట్టూరు_అక్క: 2008 సెప్టెంబర్ 10న సెర్న్ ల్యాబ్ వాళ్ళ కణాల్ని ఢీకొట్టించే యంత్రం మొదలుపెడుతున్నారని టీవీల్లో పొద్దున్నుంచీ ప్రళయమే. మావాడు ఏడో తరగతి. రాత్రంతా లైటు ఆర్పనియ్యలేదు, నా కొంగు పట్టుకునే పడుకున్నాడు. మర్నాడు సార్‌ని అడిగితే బెంచీ ఎక్కించి "చూడండిరా, వీడు చచ్చిపోతాడంట" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత వాడు సైన్స్ పుస్తకం ఇష్టంగా తెరిచింది లేదు.

గడంకి_రోడ్డు: అక్కా, ఆ రోజు అసలు కణాల్ని ఢీకొట్టించనే లేదు, కిరణపుంజాన్ని తిప్పారంతే. తొమ్మిది రోజులకు హీలియం లీకై యంత్రం ఆగిపోయింది. ఢీకొట్టించింది 2009 నవంబర్‌లో. అంతకన్నా గట్టి తాకిడులు ఆకాశంలో ఎప్పుడూ జరుగుతూనే ఉన్నాయి. 1991లో అమెరికాలోని యూటాలో అంతరిక్షం నుంచి వచ్చిన ఒకే ఒక్క కాస్మిక్ కణం, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉన్నంత శక్తితో దిగింది. ఏమీ కాలేదు. మీవాణ్ణి భయపెట్టింది టీవీవాళ్ళు. వాళ్ళనొదిలేసి టీచర్‌ని పట్టుకుంటే ఎలా?

మిట్టూరు_అక్క: టీవీవాడు నా కొడుకు ఎదురుగా లేడు. టీచర్ ఉన్నాడు. మీరిప్పుడు చెప్పిన ఆ క్రికెట్ బంతి ముక్క ఆ రోజు వాడికి ఎవరైనా చెప్పుంటే చాలదా? రెండు నిమిషాల పని.

పాకాల_జంక్షన్: అక్క కరెక్ట్.

గడంకి_రోడ్డు: క్లాసుకి అరవై మంది. ఒక్కొక్కడి పక్కన కూర్చోమంటే సిలబస్ ఎవడు పూర్తి చేస్తాడు? రిజల్ట్ తగ్గితే నన్నే నిలదీస్తారు. బయటివాళ్ళకు తేలిక.

చిత్తూరు_నాన్న: నా బాధ కూడా అదే సార్. చార్టు పీకేముందు హెడ్మాస్టర్ మా పాపను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. 125, 173 రెండూ దానికి నోటికొచ్చు. భయం వద్దు, చాలాకాలం ఉంది అని కింద రాసింది కూడా. ఎవరూ కిందిదాకా చదవలేదు. ఇంటికొచ్చి గోలీని డబ్బాలో వేసేసి, అన్నం తినకుండా పడుకుంది.

గడంకి_రోడ్డు: కింద రాసిందని మీరు ముందే చెప్పలేదు. అడక్కుండా పీకడం తప్పే, ఒప్పుకుంటాను. పళ్ళెం పాడవకుండా దాచమనండి, మా కాలేజీలో పెట్టిస్తాను. "ఎప్పుడైనా" మీద మాత్రం నేను ఒప్పుకోను.

మిట్టూరు_అక్క: ఆ మాట ఉంచండి. పక్కనే పాపను నిలబెట్టండి, అడిగినవాళ్ళకు అదే చెప్తుంది.