సమస్య: దొంగచేతి కిచ్చె తూచి మనసు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. దొంగచేతికి తాళాలిచ్చినట్టు అంటాం కదా, ఇక్కడ ఇచ్చింది మనసు. ఇచ్చిన మనిషి అమాయకురాలు కాదు, ప్రతిదీ ఆచితూచి చేసే ఉద్యోగిని. తీసుకున్నవాడు మాటలతో బతికేసే చలాకీ పోకిరి. ఓరుగల్లు వాసన తగిలితే సంతోషం. కొత్తవాళ్ల కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. గురువు (సాగే లేదా ఒత్తి పలికే అక్షరం) పక్కన లఘువు (పొట్టి అక్షరం) గానీ, మూడు లఘువులు గానీ వస్తే సూర్యగణం; ఇంద్రగణం అంతకన్నా పెద్దది. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని పొత్తు. ప్రాసతో పనిలేదు.

తులసికోట:
సత్యభామ సొమ్ము సరితూగ లేదాయె
తులసి దళముతోడ తూగె నతడు
వెన్నదొంగ యనుచు వెఱవక రుక్మిణి
దొంగచేతి కిచ్చె తూచి మనసు

నిర్వాహకుడు: అక్కా, నడక హాయిగా ఉంది. దొంగ అనగానే కృష్ణుడి దగ్గరికి పరుగెత్తడం మనందరికీ అలవాటే గానీ, తులాభారంతో 'తూచి'ని పట్టుకోవడం మీ తెలివి. అయితే మూడో పాదంలోనే దొంగ అనేస్తే నాలుగో పాదంలో ఆ మాట చప్పబడిపోతుంది. 'వెన్నకుండ లెఱిగి వెఱవక రుక్మిణి' అని మార్చి చూడండి.

గణపంతులు: బమ్మెర మన పక్కనే ఉంది కదా అని పోతనను సాక్ష్యానికి పిలవకండి. తులాభారం భాగవతంలోది కాదు.

చౌరస్తా: 'హన్మకొండ బస్టాండులో చూసింది' అని మొదలుపెట్టిన. ముందుకు పోతలేదు.

గణపంతులు: ఎట్ల పోతది తమ్మీ? హన్మ, కొండ రెండూ సూర్యగణాలే. 'బస్టాం' దగ్గర రెండు గురువులు పడి బండి ఆగింది.

మిర్చియార్డు:
మిర్చి యార్డు కాంట మెలకువగా జూచు
గింజ తరుగునైన గిల్లి పట్టు
మేడమైతె నేమి మెత్తని మాటకు
దొంగచేతి కిచ్చె తూచి మనసు

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలకు దండం పెట్టాలి. తరుగు పేరుతో ఎనుమాముల మార్కెట్‌లో రైతు పడే బాధ తెలిసినవాళ్లకే ఆ మాట అక్కడ పడుతుంది. చిక్కంతా మూడో పాదంలోనే. మెత్తని మాటకు కరిగిపోతే ఇంక తూచిందెక్కడ? ఈ సమస్యలో ముడి దొంగ దగ్గర లేదు, 'తూచి' దగ్గర ఉంది. ఏం తూచిందో చెప్పాలి.

మిర్చియార్డు: నిజమే సార్. మూడో పాదం ఇట్ల మారుస్తున్న: 'రైతు వైపు మొగ్గు రాళ్లను గనిపెట్టి'. కాంటా పెట్టే ఆయన మోసగాడే, కానీ ఆ మోసం రైతుకు లాభం.

గణపంతులు: యతి చెల్లింది, న్యాయం చెల్లలేదు. మొగ్గు ఎటు ఉన్నా తప్పుడు రాయి తప్పుడు రాయే. తూనికలు, కొలతల మీద లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 వచ్చి ఇన్నేళ్లయింది. తూనికరాళ్లకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. మీ పద్యంలోని తూనికల ఇన్‌స్పెక్టరమ్మ చూసీ చూడనట్టు పోతే ఆమె జాగ్రత్తంతా ఏమైనట్టు?

కాజీపేట జంక్షన్:
పైస లడిగె గాని పాపము తిరిగిచ్చె
మాట తేలికైన మనిషి బరువు
నీవు జడియ వలదు నిక్కమాతడు గాడు
దొంగ; చేతి కిచ్చె తూచి మనసు

తులసికోట: అబ్బ! 'గాడు దొంగ' అని విరిచేసి, మనసిచ్చే పని అతనికే అప్పజెప్పారు. రెండో పాదం నోట్లోనే తిరుగుతోంది.

నిర్వాహకుడు: విరుపు పాతదే అయినా అతికినట్టు కుదిరింది. నాకు మాత్రం కొంచెం లోటనిపించింది. దొంగ కాదని తేల్చేశాక ఆ అమ్మాయి టెన్షన్ పడేదేముంది? వాడు పోకిరిగానే ఉండాలి, ఈమె లెక్కగానే ఉండాలి, అయినా కుదరాలి. అది చేసి చూపిస్తే చప్పట్లు.

అంకెలమ్మ:
రంగు మస్తుగుండు రవ్వంత కారము
మన చపాట మిర్చి మాదిరతడు
ఆడిటింగు పిల్ల యాస్తులు నప్పులు
దొంగచేతి కిచ్చె తూచి మనసు

నిర్వాహకుడు: ఇందాకటి నుంచి నేను వెతుకుతున్నది ఇదే. ఆస్తులూ అప్పులూ తూచింది, అప్పులవైపు ముల్లు వాలినా ఇచ్చింది! 'తూచి'కి కర్మ, అంటే ఏం తూచిందన్న జవాబు, మూడో పాదంలోనే దొరికింది. ఇక ఆ పోకిరిని చపాటాతో పోల్చడం ఎంత బాగుంది! చూపుకు నిప్పులా ఉంటుంది, నోట్లో పెడితే పెద్దగా మండదు. 2025లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఇప్పుడు ఆటవెలదిలో చోటు కూడా దొరికింది.

చౌరస్తా: 'ఆ'కు 'యా'తో యతి కుదురుతదా పంతులు గారూ?

గణపంతులు: కుదురుతుంది. అ, య, హ ఒకదానికొకటి చెల్లుతాయి. చపాటాను 'చపాట' చేసినందుకు మాత్రం అరమార్కు కోత.

మిర్చియార్డు: పంతులు గారూ, మీ చట్టానికి లోబడి మళ్లీ రాసిన. చూడుండ్రి.
మిర్చి యార్డు కాంట మెలకువగా జూచు
గింజ తరుగునైన గిల్లి పట్టు
కేసు రాసి పిదప కిమ్మనకుండగ
దొంగచేతి కిచ్చె తూచి మనసు

గణపంతులు: ఇప్పుడు నాకే అభ్యంతరమూ లేదు. జరిమానా రశీదు మీద సంతకం ఎవరిదో అడగను.