కాగితపు టీ-55 యుద్ధ ట్యాంకు లోపల సీట్లు, గుండ్లు పెట్టడం ఎలా?

దిల్‌సుఖ్‌నగర్ కత్తెర:
1:25 స్కేల్‌లో, అంటే అసలు బండిలో 25వ వంతు సైజులో, టీ-55 కాగితం మోడల్ మొదలుపెట్టా. కోఠిలో 160 జీఎస్ఎం మందపు కాగితం మీద కలర్ ప్రింట్ తీయించా. కిట్‌లో మూతలన్నీ మూసే ఉన్నాయి. నాకేమో డ్రైవర్ మూత, కమాండర్ మూత తెరిచి లోపల సామాను చూపించాలని ఉంది. కానీ లోపలంతా అడ్డం నిలువు అట్టల ఫ్రేమే. అది తీసేస్తే పైకప్పు కుంగిపోదా?

గ్లూగన్ గోపి:
లోపల నల్లకాగితం అంటించి, మూతలోంచి ఒక మనిషి బొమ్మ పైకి పెట్టెయ్ బ్రో. ఎవరు వంగి చూస్తారు!

సైనిక్‌పురి తాతయ్య:
వంగి చూసేవాళ్ల కోసమే కదయ్యా చేసేది.

బాబూ, నేను ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్లు రిపేరు చేసే విభాగంలో, మెకానిక్‌గా రిటైరయ్యా. ఈ బండి పొట్టలో దూరి చాలా కాలం పనిచేశా. అసలు బండికి లోపల ఫ్రేమ్ ఎక్కడుంది? పలకలే దాని బలం. నువ్వూ అదే చెయ్యి. పక్క గోడ మందం 80 మిల్లీమీటర్లు, నీ స్కేల్‌లో మూడుకి కాస్త ఎక్కువ. మిల్లీమీటరు అట్ట మూడు పొరలు అతికిస్తే వచ్చేస్తుంది. ముందు వాలు పలక 100, అంటే నాలుగు పొరలు. ఇక ముందువైపు ఫ్రేమ్ పీకేసినా కుంగదు. ఇంజన్ వైపు ఫ్రేమ్ జోలికి పోకు, అక్కడ చూపించేదేం లేదు. సీటు, పెట్టెల కొలతలు మాత్రం ఈ గోడలు అతికించాకే తీసుకో. లేకపోతే ఒక్కటీ లోపల పట్టదు.

డ్రైవర్ ఎడమపక్క. రెండు స్టీరింగ్ లివర్లు, ఒక సీటు చాలు. అతని కుడిపక్క డీజిల్ ట్యాంకు, దాంట్లోనే గూళ్లలో 18 గుండ్లు. డీజిల్ మధ్య గుండ్లేమిటని కొత్తవాళ్లు బిత్తరపోయేవాళ్లు. బండి మొత్తానికి 43, నువ్వు అన్నీ చుట్టకు, కనపడేవే చుట్టు. గుండు మూతి నాలుగు మిల్లీమీటర్లు, వెనక మందు ఉండే గొట్టం, అదే కేసు, అంతకన్నా లావు. కేసుకి మిఠాయి డబ్బా మీది బంగారురంగు కాగితం భలే కుదురుతుంది.

కమాండర్ మూత వద్దంటాను. గన్‌కి ఎడమపక్క ముందు గన్నర్, అతని వీపు వెనకే కమాండర్. ఆ ఇరుకులోకి ఏం కనిపిస్తుంది? కుడిపక్క గుండ్లు పెట్టే లోడర్ మూత తెరువు, గన్ బ్రీచ్, అంటే గుండు తోసే వెనకభాగం, కళ్లముందే ఉంటుంది.

మాసాబ్‌ట్యాంక్ స్కేలు:
ఆర్కిటెక్చర్ స్టూడెంట్‌ని. తాతయ్య గారు చెప్పిన పొరలకి ఫెవికాల్ చాలా పల్చగా రాయి, రాత్రంతా లావుపాటి పుస్తకాల కింద పెట్టు. ఈ వానాకాలంలో బరువు పెట్టకపోతే అప్పడంలా వంకర తిరుగుతుంది. లేజర్ ప్రింటైతే మడత దగ్గర రంగు పెచ్చులూడుతుంది, బ్లేడు మొండివైపుతో గీటు పెట్టి మడువు. కోసిన అంచుల తెలుపు వాటర్‌కలర్‌తో కప్పు.

దిల్‌సుఖ్‌నగర్ కత్తెర:
తాతయ్యా, లోడర్ కుడిపక్క ఉంటే ఎడమచేత్తో గుండు తొయ్యాలిగా?

సైనిక్‌పురి తాతయ్య:
తొయ్యాలి మరి. తిట్టుకుంటూనే తోసేవాళ్లు. నీ బొమ్మకీ ఎడమచెయ్యే ముందుకి పెట్టు. నిలబడిన బొమ్మ మరీ పొడవైతే మాత్రం టరెట్, అంటే గన్ ఉండే పైభాగం, మూత పడదు.